అమ్మ చెప్పగా వ్రాసినది

ఈ పేజీలో నేను సాధారణంగా ఏదో ఒక పాత మాట గురించో, ప్రబంధాల్లోని ఒక చమత్కారం గురించో ముచ్చటిస్తుంటాను. ఈ వారం అటువంటిదేమీ లేదు. మూడు నెలలుగా నేనొక పుస్తకం వ్రాస్తున్నాను. దానికి అచ్చు లేదు, ఆవిష్కరణ సభ లేదు, శాలువాలు అసలే లేవు. మధిర బజారులో కొన్న రెండు వందల పేజీల గీతల నోటుబుక్కు అది. కర్త మా అమ్మ. నేను ఉత్త లేఖకుణ్ణి. కథానాయకుడు మా తమ్ముడు.

పోయిన శ్రావణమాసంలో ఒక తెల్లవారుజామున అమ్మ స్నానాలగది గుమ్మం దగ్గర కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఖమ్మం తీసుకువెళ్లి ఆపరేషన్ చేయించాము. పదకొండు రోజులు ఆసుపత్రిలో వుంది. ముప్పై తొమ్మిదేళ్ల మా తమ్ముడికి అమ్మ ఇంట్లో లేని రాత్రి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిది. రెండు రోజులు వాడు అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చునేవాడు, చూసేవాడు, లేచిపోయేవాడు. మా ఆవిడ పప్పు మార్చింది, కూర మార్చింది, బతిమాలింది, చివరికి తానూ తినడం మానేసింది. నేను ఎం.ఏ. చదివినవాణ్ణి, ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. వాడెందుకు తినడం లేదో నాకు బోధపడలేదు.

మూడోనాడు ఆసుపత్రి మంచం మీదనుంచి అమ్మ ఫోనులో అన్నది: “పెద్దోడా, కంచం తిప్పి పెడుతున్నారేమో చూడు. సొట్ట వాడి ఎడంచేతి వైపు వుండాలి.”

స్టీలు కంచానికి అంచున ఒక సొట్ట వుంది. అది ఎప్పుడు పడిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. తిప్పి పెట్టాము. వాడు కూర్చుని, రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో ఇటువంటి సొట్టలు ఎన్ని వున్నాయో! అన్నీ డెబ్బై ఒక్కేళ్ల ఒకే ఒక తలలో వున్నాయి. ఆ తల ఖమ్మంలో ఆసుపత్రి దిండు మీద వుంది. ఇంటికి తీసుకువచ్చిన వారానికి నోటుబుక్కు కొన్నాను.

వాణ్ణి మీకు పరిచయం చేయాలి. పేరు మాత్రం వ్రాయను. నీ సంగతి పత్రికలో వ్రాస్తున్నాను, వ్రాయనా అని అడిగితే, వాడు నా కలం తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. అది సమ్మతో నిషేధమో తేలలేదు. మరునాడు కలం తానే తెచ్చి బల్ల మీద పెట్టాడు గనుక, పేరు దాచి వ్రాస్తున్నాను.

వాడికి ఆటిజం. సొంతంగా పలికే మాటలు ఇరవై దాకా వున్నాయి: నీళ్లు, బండి, వద్దు, అమ్మ, ఇలాంటివి. మిగతావన్నీ రైల్వేస్టేషన్ మైకులో విన్నవి. అవి మాత్రం స్వరం తప్పకుండా చెబుతాడు. మొదట్లో చిలక పలుకులనుకునే వాళ్లం. చిలక పలుకులు కావు. మంచినీళ్లు ఒలకబోస్తే “అసౌకర్యానికి చింతిస్తున్నాము” అంటాడు. నేను కాలేజీనుంచి వేళకు రాకపోతే గుమ్మంలో నిలబడి “ఆలస్యముగా నడుచుచున్నది” అంటాడు. అమ్మ ఆసుపత్రిలో వున్న పదకొండు రోజులూ ఆ ఒక్క మాటే అన్నాడు.

పళ్లు తోముకోవడానికి పక్కన మనిషి వుండాలి. స్నానానికి నీళ్లు తానే పోసుకుంటాడుగాని, సబ్బు తరువాత మళ్లీ నీళ్లన్న సంగతి ఎవరైనా చెప్పాలి. బొత్తాలు పెట్టుకోలేడు. రోడ్డు దాటలేడు. రూపాయికీ వందకీ తేడా తెలియదు. రాత్రి లేచి గొళ్లెం తీసుకుని వెళ్లిపోతాడేమోనని ఒకరు కుక్క నిద్ర పోవాలి. మరోపక్క, వేరుశనగ కాయలు ఒలవడంలోనూ, ఆరిన బట్టలు అంచుకు అంచు కలిపి మడవడంలోనూ మా ఇంట్లో వాడికి సాటి లేరు. పాత పేపర్లు తేదీల వరసన పేరుస్తాడు. మధ్యలో ఒకటి నేను లాగి చదివి ఎక్కడో పెడితే, ఆ రోజు నాకు మర్యాద దక్కదు.

మా వైపు ఇటువంటివాళ్లను ‘అమాయకుడు’ అంటారు. మాయ లేనివాడని అర్థం. మాట పుట్టించినవారెవరోగాని మంచిమాటే పుట్టించారు. మా వాడు అబద్ధమాడలేడు. కాని ఆ మాటలో ఒక చిక్కున్నది. గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చినవాణ్ణి అది పసివాణ్ణి చేసి కూర్చోబెడుతుంది. ఇంటికి వచ్చినవాళ్లు “బాబూ, చాక్లెట్ తింటావా?” అని గడ్డం పుచ్చుకుంటారు. ఐక్యరాజ్యసమితి 2007లో తీర్మానించిన మీదట ఏటా ఏప్రిల్ 2న ఆటిజం దినం జరుపుతున్నారు గదా, ఆనాటి పత్రికల్లో చూడండి, అన్నీ పిల్లల బొమ్మలే. ఆ పిల్లలు పెద్దవాళ్లవుతారన్న ఊహ ఎవరికీ వున్నట్లు తోచదు. ఆటిజం మందుతో పోయే జబ్బు కాదు. మెదడు పెరిగే తీరులోనే వుండే తేడా. మనిషితోపాటు అదీ నలభైలోకి, అరవైలోకి నడుస్తుంది.

అసలు ఆ పేరు మా చెవిన పడటానికే పదిహేనేళ్లు పట్టింది. అంతకు ముందు తాయెత్తులయ్యాయి, భద్రాద్రి రామయ్యకు మొక్కులయ్యాయి, అప్పటికి ఖమ్మం జిల్లాలోనే వున్న చింతూరు వైపు అడవిలో ఒక పెద్దాయన దగ్గర ఆకుపసరూ అయింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదట. “ఇది రోగం కాదయ్యా, వీడి తీరు” అన్నాడట. నాన్న అప్పుడు నమ్మలేదు. 2001లో సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌కు తీసుకువెళ్లాము. కేంద్రప్రభుత్వం 1984లో స్థాపించిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ అక్కడ వుంది. ఇప్పుడు దాని పేరు మారింది. అక్కడివాళ్లు రెండు రోజులు ఓపిగ్గా చూసి ఆటిజం అన్నారు. నాన్న బడిపంతులు. ఆ మాట ఒక కాగితం మీద వ్రాయించుకుని, తిరుగు బండిలో మధిర వచ్చేదాకా చూస్తూ కూర్చున్నారు.

గ్రీకు భాషలో ‘తాను’ అనే అర్థంగల మాటనుంచి స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ ఈ పేరు కట్టాడు. ఆయన వాడింది వేరే సందర్భంలో. ఇప్పటి అర్థంలో 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు పదకొండుమంది పిల్లల గురించి వ్రాశాడు. అందులో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్, మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు. ఊరి పేరుకు అడవి అని అర్థం. అడవి అంచు జిల్లావాళ్లం గనుక నాకది చప్పున పట్టుబడింది. ఆ పిల్లవాడు పెద్దవాడై, తమవాళ్ల బ్యాంకులో ఉద్యోగం చేసి, కారు నడిపి, గోల్ఫు ఆడి, దేశాలు తిరిగి, 2023లో ఎనభై తొమ్మిదో ఏట పోయాడు. తల్లిదండ్రులకు డబ్బున్నది, వాళ్ల తరువాత తమ్ముడు కనిపెట్టి చూశాడు, ఊరు అతనికి అలవాటుపడింది. అదృష్టవంతుడు. మా వాడు కారు నడపడు. బొత్తాం కూడా పెట్టుకోలేడు. ఇద్దరికీ పేరు ఒక్కటే. ఒకరిని చూసి మరొకరిని కొలవరాదు.

ఆ కానరే పిల్లల తల్లిదండ్రులు బొత్తిగా చల్లని మనుషులని ఒక మాట జారవిడిచాడు. అంతే, రెండు దశాబ్దాలపాటు తప్పంతా తల్లుల మీదికి వచ్చింది. తల్లి ప్రేమ చాలక పిల్లలిలా అయ్యారన్నారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన ఇది శరీరంలో పుట్టే తేడా అని పుస్తకం వ్రాసి ఆ వాదాన్ని దెబ్బ కొట్టాడు. ఆయనా ఒక ఆటిజం పిల్లవాడి తండ్రే. దూరదేశపు సంగతి ఎందుకు చెప్పానంటే, మధిరలో మా నాయనమ్మ ఒక్క ముక్క ఇంగ్లీషు రాకుండానే ఆ సిద్ధాంతం మా అమ్మ మీద ప్రయోగించింది. గ్రహణంనాడు కదిలావన్నది, నీ పాలలో దోషమన్నది. అమ్మ ముప్పై తొమ్మిదేళ్లు ఆ కంచం సొట్ట తిప్పి పెడుతూనే వుంది.

తెలుగు మేష్టరుకు జడభరతుడు జ్ఞాపకం రాకుండా ఎలా వుంటాడు? భాగవతం పంచమస్కంధం. (ఆ స్కంధం తెనిగించింది గంగన. పరీక్షలో అడిగితే సగంమంది పోతన అని వ్రాస్తారు.) జడభరతుడనగానే అందరికీ పల్లకీ కథ గుర్తుకొస్తుంది, రహూగణుడు దెప్పడం, ఆయన తత్త్వం చెప్పడం. నాకు ఈ మధ్య దానికి ముందున్న కథ వదలడం లేదు. తండ్రి పోయాడు. తల్లి సహగమనం చేసింది. మిగిలినవాళ్లు సవతి అన్నలు. వీడికి చదువు రాదని తేల్చి, చదువు మాన్పించి, చేను కాపలాకు పెట్టారు. నూకలూ, తెలకపిండీ, మాడిన అడుగంటూ ఏది పడేస్తే అది తిన్నాడు. అన్నలు దుర్మార్గులని కవి గట్టిగా చెప్పడు, వేదం చదువుకున్నవాళ్లే. నేనూ చదువుకున్నవాణ్ణే. నేనూ ఒక అన్ననే.

మా తమ్ముడు మారువేషంలో వున్న జ్ఞాని అని నా ఉద్దేశం కాదు. ఎవరైనా అలా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మంచి బియ్యపు అన్నం తినడానికి మనిషి జ్ఞాని అయి వుండనక్కరలేదు.

పుస్తకం దగ్గరికి వద్దాం. సాయంత్రం కాలేజీనుంచి వచ్చి, వాకర్ పక్కన పెట్టుకుని కూర్చున్న అమ్మ ముందు కలం పట్టుకుని కూర్చుంటాను. మొదటిరోజు “అతనికి ఆకస్మిక శబ్దములు సరిపడవు” అని వ్రాసి చదివి వినిపించాను. “ఇదెవరికి అర్థమవుతుందిరా? కుక్కర్ అని వ్రాయి” అన్నది. కొట్టివేసి, “కుక్కర్ పెట్టే ముందు వాణ్ణి పెరట్లోకి పంపాలి, మూడో కూత అయ్యాక పిలవాలి” అని వ్రాశాను. గిడుగువారి తరువాత నాకు వ్యావహారికం నేర్పింది మా అమ్మే.

కొన్ని పంక్తులు చూడండి. “తలమీద నీళ్లు పోసేముందు ‘పోస్తున్నా’ అని మూడుసార్లు అనాలి. రెండుసార్లు చాలదు.” “కొత్త చొక్కా మూడు ఉతుకులయ్యాక వెయ్యాలి. మెడ వెనక చీటీ కత్తిరిస్తే చాలదు, కుట్టు దారం కూడా తియ్యాలి.” “మిరపకాయలు ఆరబోసే రోజుల్లో వీధివైపు కిటికీ తెరవద్దు. ఘాటుకు దగ్గడు, ఏడుస్తాడు.” “క్షవరానికి ఒక్క మంగలి ముసలాయనే రావాలి. ఆయన కత్తెర ముందు వాడి చేతికిస్తాడు.” “చెవి కింద అరచేత్తో కొట్టుకుంటుంటే పన్ను చూడాలి.”

ఆ ఆఖరి పంక్తి వెనక 2012 నాటి మూడు వారాలున్నాయి. వాడు పగలూ రాత్రీ చెంప మీద కొట్టుకున్నాడు, గోడకు తల బాదుకున్నాడు. ఒక ఆసుపత్రికి తీసుకువెళితే దూరంనుంచే చూసి, ఇలాంటివాళ్లకు మొండితనం మామూలేనని నిద్రమాత్రలు వ్రాసిచ్చారు. మాత్రలకు మత్తుగా పడి వున్నప్పుడు అమ్మ టార్చిలైటు వేసి నోట్లో చూసింది. దవడపన్ను పుచ్చి చీము పట్టివుంది. నొప్పి అని చెప్పలేనివాడికి కొట్టుకోవడమే మాట. ఆ మాట చదవలేనివాళ్లం చదువుకున్నవాళ్లమే. అప్పుడు నేనూ నిద్రమాత్రల పక్షమే వహించాను. ఇది నోటుబుక్కులో లేదు, ఇక్కడ వ్రాస్తున్నాను.

రైళ్ల సంగతికి పది పేజీలు పట్టాయి. రోజూ ఉదయం వాడు స్టేషనుకు వెళ్లి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ వచ్చి వెళ్లడం చూడాలి. నాన్న వున్నన్నాళ్లు ఆయన తీసుకువెళ్లేవారు. 2016లో ఆయన పోయాక నేను. 2020 మార్చి 22న దేశమంతటా ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. వాడికి కరోనా అంటే ఏమిటో ఎలా చెప్పడం? నాలుగు రోజులు చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడ్డాడు. అయిదోరోజు గేటు ఊడబెరికాడు. చేతినిండా రక్తం. అమ్మే దారి కనిపెట్టింది. మా డాబా మీదనుంచి చూస్తే పట్టాలు సన్నగా కనబడతాయి. గూడ్సుబండ్లు ఆగలేదు గదా, వాణ్ణి పైకి తీసుకువెళ్లి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మోకాళ్లనొప్పుల మనిషి, ఆ ఎండల్లో రోజూ మెట్లెక్కింది. జూన్‌లో ఒక్కొక్క బండీ తిరిగి మొదలయ్యేదాకా అలా గడిచింది. “అలవాటు ఆగిపోతే దాని బదులు ఇంకొకటి చేతిలో పెట్టాలి, ఊరికే ‘లేదు’ అనవద్దు” అని వ్రాయించింది. ఇది మనందరి ఇళ్లకూ పనికివచ్చే మాటే కాబోలు.

నలభై పేజీలు నిండాక మా ఆవిడ పుస్తకం తీసి చదివింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. “అత్తయ్య తరువాత నేనేనని అందరూ అనుకుంటున్నారు. అనుకోవడం వేరు, అడగడం వేరు. చిన్నబ్బాయి సంగతులన్నీ వ్రాశారు, బాగానే వుంది. చేసేవాళ్ల సంగతి ఒక్క పేజీ అయినా వ్రాశారా?” అన్నది.

నా దగ్గర జవాబు లేదు. పెళ్లయిన నాటినుంచి వాడి బట్టలు ఉతికింది ఆమె. అమ్మ పడ్డప్పటినుంచి పొద్దున్నే పళ్లు తోమిస్తున్నదీ ఆమే. ఈ పేజీలో వ్యాసం వ్రాసి పేరు తెచ్చుకుంటున్నది నేను. ఆ రాత్రి ముగ్గురం కూర్చుని ఇంకొక పట్టిక వేశాము. ఉదయం రెండు గంటలకు ఒక కుర్రవాణ్ణి జీతానికి పెట్టాము. నెలరోజులు అమ్మ పక్కన కూర్చోబెట్టి నేర్పింది. సాయంత్రం స్నానం, రాత్రి కాపలా నావి. ఆదివారం పగలు మా ఆవిడది. ఎక్కడికి వెళ్లినా ఎవరూ అడగకూడదు. మొదటి ఆదివారం ఎక్కడికీ వెళ్లలేదు, తలుపేసుకుని నిద్రపోయింది.

ఇక కాగితాల సంగతి. ఇది విసుగు కలిగించేదేగాని, ఇటువంటి బిడ్డ వున్న ఇంట్లో ఎవరైనా చదువుతుంటే వాళ్లకోసం వ్రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లు నిండినవాడికి కన్న తల్లిదండ్రులు కూడా చట్టరీత్యా వాటంతటవే సంరక్షకులు కారు. చాలామందికి ఇది బ్యాంకులో సంతకం అడిగిన రోజునగాని తెలియదు. ఆటిజంతో సహా నాలుగు రకాల వైకల్యాలవాళ్లకోసం 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చింది. దాని కింద జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, ఒక స్వచ్ఛందసంస్థ ప్రతినిధి, వైకల్యంగల ఒక వ్యక్తి కలిసిన స్థానిక కమిటీ వుంటుంది. అక్కడ దరఖాస్తు పెడితే, సంరక్షకుడు అవసరమా, ఏయే పనులకు అవసరమన్నది విచారించి నియమిస్తారు. నియమితుడు ఆస్తిపాస్తుల జాబితా, ఏటేటా లెక్కలు ఒప్పజెప్పాలి. ఈ షరతు నాకు నచ్చింది. జడభరతుడి అన్నలను లెక్క అడిగినవాళ్లు లేకపోయారు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2011 జనగణనలోనూ దానికి ప్రత్యేకం గడి లేదు. 2016 చట్టం ఇరవై ఒక్క వైకల్యాల్లో దాన్ని చేర్చింది. ఆ చట్టంలోనే పరిమిత సంరక్షణ అని ఒక మాట వుంది: వాడి బదులు మనం నిర్ణయించడం కాదు, పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయించడం. చదవగానే, ఇరవై మాటలవాడితో కలిసి నిర్ణయించడమేమిటని నవ్వు వచ్చింది. తరువాత కంచం సొట్ట గుర్తుకొచ్చింది. వాడు రెండు రోజులు చెబుతూనే వున్నాడు.

నాన్న ప్రభుత్వోపాధ్యాయులు గనుక అమ్మకు కుటుంబ పింఛను వస్తున్నది. అమ్మ తరువాత అది జీవనం సంపాదించుకోలేని బిడ్డకు బతికినన్నాళ్లు వస్తుంది. కాని ధ్రువపత్రం, సంరక్షకుడు రెండూ ముందే సిద్ధంగా వుండాలి. పింఛను లేని కూలి ఇళ్లలో ఆసరా సొమ్మే ఆధారం. వికలాంగులకు అది 2014లో 1500 రూపాయలతో మొదలై 2019లో 3016, 2023లో 4016 అయింది. మనిషిని నెలంతా కనిపెట్టుకుని వుండటానికి కూలి మానుకున్న తల్లికి ఆ అంకె ఎంత దూరం వస్తుందో మీరే లెక్క వేసుకోండి. తల్లిదండ్రులు లేనివాళ్లకు జీవితాంతం వుండే వసతిగృహాల పథకమూ జాతీయ ట్రస్టుకు వున్నది, ఘరౌందా అంటారు. అటువంటి చోటికి పంపడం పాపమని ఒకప్పుడు వాదించేవాణ్ణి. ఇప్పుడు వాదించను. అవసరం పడితే ఒక్కసారిగా కాక, నెలకు రెండు రాత్రులు చొప్పున అలవాటు చేయాలని అమ్మే వ్రాయించింది. వ్రాయిస్తూ గోడవైపు తిరిగింది.

“మా తరువాత” అని శీర్షిక పెట్టిన పేజీలో నా పేరు, మా ఆవిడ పేరు (అడిగాకనే) వ్రాశాను. మూడో పేరుగా మా అమ్మాయిది వ్రాయబోతే, అమ్మ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. “హాస్టల్లో చదువుకుంటున్న పిల్ల నెత్తిన ఇప్పుడే వ్రాయకు. అది వచ్చి తనంతట తాను వ్రాసుకుంటే వేరు.” ఆ గీత ఖాళీగా వుంది.

వచ్చే మంగళవారం కమిటీ ముందుకు ఖమ్మం వెళ్లాలి. వాడూ రావాలి. అమ్మ చెప్పిన పద్ధతి ప్రకారం ఒక అట్ట మీద వరసగా గళ్లు గీసి, ఆ రోజు ఏం జరుగుతుందో బొమ్మలు వేశాను: ఇల్లు, స్టేషను, గోల్కొండ, మెట్లున్న ఆఫీసు, హోటల్లో ఇడ్లీ. నా బొమ్మలు చూసి మా ఆవిడ నవ్వింది. వాడు నవ్వలేదు. ఒక్కొక్క గడి మీద వేలు పెడుతూ వచ్చి ఇడ్లీ దాటాక ఖాళీగడి మీద వేలు ఆపాడు. “ఏమిటిరా?” అన్నాను. పలకలేదు. వేలు తీయలేదు. కాసేపటికి నాకు తట్టింది. ఆ గడిలో తిరుగు బండి, పక్క గడిలో ఇల్లు, ఇంటి గుమ్మంలో వాకర్ పట్టుకున్న అమ్మ, ఇవన్నీ గీసేదాకా నా పక్కనే నిలబడి వున్నాడు.